సగంలో ఆపిన బూజు

ఆ ముక్క నా రాతబల్ల మీదికి వచ్చి ఏడాది దాటింది. గాజు సామాను పగలకుండా అట్టపెట్టె మూలల్లో దోపే దిమ్మె అది. అరచేతంత ఉంటుంది. చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్లూ ముందు దాన్ని కొంచెం పైకి ఎగరేసి పట్టుకుంటారు, అంత తేలిక. మరమరాల పొట్లం బరువుంటుందేమో. పైన తెల్లటి పొర. అది తోలూ కాదు, గుడ్డా కాదు. దూదిని పలచగా పరిచి బాగా అదిమితే వచ్చే నునుపు. ఆ పొరని ఒకచోట గోటితో గీరాను. కింద గడ్డి పరకలు కనిపించాయి, కణుపులతో సహా. చిన్నప్పుడు గడ్డివాము మీద నుంచి జారి వీపంతా దురద పెట్టించుకున్నవాళ్లకి అది వరిగడ్డి అని ఎవరూ చెప్పక్కర్లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండిన పుట్టగొడుగుల వాసన, దాని వెనకాల సన్నగా కొత్త గడ్డి వాసన.

జిగురు వాసన మాత్రం లేదు. ఎందుకంటే అందులో జిగురు లేదు.

మరి పరకకీ పరకకీ మధ్య పట్టు ఎక్కడిది? భూతద్దం పెట్టి చూశాను. సాలెగూడు దారం కంటే సన్నని తెల్లటి పోగులు పరక మీదుగా పాకి, పరక లోపలికి దూరి, అవతల తేలి, పక్క పరకని పట్టుకున్నాయి. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెప్పలేం. మంగళగిరి మగ్గం మీద పనిచేసేవాళ్లకి చూపిస్తే పడుగేదో పేకేదో తెలియని నేత అంటారు. పుట్టగొడుగు పైకి లేవకముందు నేల లోపల, కుళ్లిన మాను లోపల ఉండే అసలు శరీరం ఇదే. శాస్త్రం దాన్ని మైసీలియం అంటుంది. మనం చూసి కోసుకునే గొడుగు దాని కాయ మాత్రమే. చెట్టు ఈ దారాల అల్లికే.

ఇలాంటి దిమ్మెలు ఫరీదాబాద్‌లో పెరుగుతున్నాయి. ఢిల్లీకి దక్షిణాన, మెట్రో వయొలెట్ లైను చివర ఉన్న పారిశ్రామిక పట్టణం. అక్కడ వీటిని పెంచే ధరాక్ష ఎకో సొల్యూషన్స్ అనే సంస్థను అర్పిత్ ధూపర్, ఆనంద్ బోధ్ 2020లో మొదలుపెట్టారు. ఒకరు మెకానికల్ ఇంజనీరు, ఇంకొకరు జీవసాంకేతికత చదివినవారు. ధూపర్ అంతకుముందు డీజిల్ జనరేటర్ల పొగగొట్టానికి పరికరం బిగించి, ఆ మసిని పట్టి సిరాగా మార్చే చక్ర్ ఇన్నొవేషన్ అనే సంస్థ స్థాపకుల్లో ఒకరు. 2018లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ విభాగం ఆయనకి యువ పురస్కారం ఇచ్చింది. పొగ లేచాక పట్టుకోవడం మొదటి పని. పొగగా మారబోయే గడ్డిని ముందే తెచ్చుకోవడం రెండో పని. ఆ క్రమం నాకు నచ్చింది.

గడ్డి పొగ సంగతి ఢిల్లీలో ఒక్క శీతాకాలం గడిపినవాళ్లెవరికైనా తెలుసు. అక్టోబరు చివర సూర్యుడు రాగి బిళ్లలా ఉంటాడు. కళ్లు మండుతాయి. బడికి వెళ్లే పిల్లలు మాస్కులు పెట్టుకుంటారు. ఆ పొగంతా గడ్డిదే కాదు. వాహనాలది, రోడ్డు దుమ్ముది, ఫ్యాక్టరీలది కూడా ఉంది. కానీ ఆ రెండు మూడు వారాలు పంజాబ్, హర్యానా మళ్లలో లేచే పొగ వచ్చి వీటన్నిటి మీదా కూర్చుంటుంది. రైతుని తిట్టడం సులువు. పంజాబ్‌లో ఏటా దాదాపు 2 కోట్ల టన్నుల వరిగడ్డి వస్తుంది. భూగర్భ జలం అడుగంటుతోందని 2009లో ఆ రెండు రాష్ట్రాలూ చట్టం చేసి నాట్లని జూన్‌కి జరిపాయి. నాటు వెనక్కి జరిగితే కోతా జరిగింది. కోతకీ గోధుమ విత్తడానికీ మధ్య మిగిలింది మూడు వారాలు. కోత యంత్రం కంకిని తీసుకుని మోకాలెత్తు మోడుని వదిలేస్తుంది. మన కృష్ణా, గోదావరి డెల్టాల్లోలా వరిగడ్డి అక్కడ పశువులకి ముఖ్యమైన మేత కాదు, వాళ్ల పశువులు గోధుమ పొట్టుకి అలవాటుపడ్డాయి. వరిగడ్డిలో ఇసుకకి మూలమైన సిలికా ఎక్కువ, నమలడానికి కరుకు. చౌకగా దొరికేది అగ్గిపెట్టె ఒక్కటే.

ఆ సిలికా సంగతి గుర్తుంచుకోండి. పశువుకి పనికిరాని ఆ గుణమే తర్వాత ఇంటికి పనికొస్తుంది.

మన భాషలో 'పుట్టగొడుగు' అనే మాట చేసినవాళ్లెవరో గానీ చాలా గమనించి చేశారు. పుట్ట మీద లేచే గొడుగు. చెదలు పుట్టలో నిజంగానే బూజుని సాగు చేస్తాయి. ఎండుటాకులు, కట్టెముక్కలు నమిలి, లోపలి గదుల్లో తేనెపట్టులాంటి మడులు కట్టి, వాటి మీద బూజుని పెంచుకుని తింటాయి. వానలు పడ్డాక ఆ మడుల నుంచే గొడుగులు పుట్టని చీల్చుకుని పైకి వస్తాయి. బూజు, మట్టి, ఇల్లు మూడూ ఒకే చోట ఉన్నాయని ఆ మాట ఎప్పుడో చెప్పేసింది. పుట్టమన్ను తెచ్చి అరుగులు మెత్తినవాళ్లకి, పోత పోసే అచ్చులకి వాడినవాళ్లకి ఆ మట్టి పట్టు తెలుసు. చెద తన లాలాజలం కలిపి, ఒక్కొక్క గోళీ చేసి, అతికించి కట్టిన గోడ అది. చుట్టూ ఉన్న మట్టికన్నా అది ఎంతో గట్టిదని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, అంటే ఐఐఎస్సీ, పరిశోధకులు కొలిచి చెప్పారు.

దిమ్మెని చేతిలో పట్టుకుని ఎన్నాళ్లు చూసినా దాని పనితనం పూర్తిగా అర్థం కాలేదు. ఒకసారి నేనే చేసి చూద్దామనిపించింది. నోయిడాలో మా ఫ్లాటు వంటింట్లో, అక్టోబరు మొదట్లో. సూత్రం విన్నవెంటనే అమ్మ, "ఓస్, ఇది పెరుగు తోడు పెట్టడమేగా" అంది. ఆ మాట నాకు ఏ పుస్తకమూ చెప్పనంత దారి చూపించింది.

పాలని కాచినట్టే ముందు గడ్డిని కాచాలి. రెండంగుళాల ముక్కలుగా నరికి, రాత్రంతా నానేసి, మర్నాడు ఆవిరి మీద గంటకు పైగా ఉడికించాలి. గడ్డి మెత్తబడడం కోసం కాదు ఆ ఉడకడం. అందులో ఇప్పటికే కాపురమున్న వేల రకాల బూజుల్ని, బ్యాక్టీరియాని వెళ్లగొట్టడానికి. తర్వాత నీరు వడవాలి. పిడికిట్లో పట్టి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. ధార కడితే లోపల గాలాడదు, బూజుకి ఊపిరి అందదు, పుల్లటి కంపు మొదలవుతుంది. చుక్క కూడా రాకపోతే దారం పాకదు. ఈ పరీక్షకి పుట్టగొడుగులు పెంచే రైతులు ఇప్పటికీ పిడికిలినే నమ్ముతారు.

చల్లారాక తోడు. బజారులో స్పాన్ పేరుతో దొరుకుతుంది. ఉడికించిన గోధుమ లేదా జొన్న గింజల మీద బూజుని పెంచి సంచుల్లో అమ్ముతారు. గింజ గింజకీ తెల్లటి ఉన్ని చుట్టుకుని ఉంటుంది. వేడి మీద కలిపితే గింజ మీద బూజు చస్తుంది, మరిగే పాలల్లో మజ్జిగ పోసినట్టే. ఆలస్యం చేస్తే గాల్లోని వేరే బూజు ముందు చేరుతుంది. నేను ఆ రెండో తప్పు చేశాను. గడ్డి ఆరనిచ్చి, ఫోను వస్తే మాట్లాడి, వచ్చి కలిపాను. అయిదో రోజుకి తెలుపు మధ్యలో పచ్చటి పొడి కనిపించింది. ట్రైకోడెర్మా. మన దగ్గర రైతులు విత్తనశుద్ధికి డబ్బు పెట్టి కొనుక్కునే బూజు ఇదే. వేరుకుళ్లు తెచ్చే బూజుల్ని తినేస్తుందని మెచ్చుకుంటాం. ఇక్కడ అది నా బూజుని తినేసింది. డబ్బా మొత్తం బయట పారేశాను.

రెండోసారి చేతులకి స్పిరిట్ రాసుకుని, ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి కలిపాను. రెండు ఐస్‌క్రీం డబ్బాలకి మూతల్లో సన్నని బెజ్జాలు పెట్టి, గడ్డిని అదిమి నింపి, బట్టల బీరువాలో పెట్టాను. చీకటి, నిలకడైన వెచ్చదనం, కదపకపోవడం ఈ మూడూ కావాలి. జనవరి చలికి ఢిల్లీలో పెరుగు తోడుకోదని అమ్మ గిన్నెకి శాలువా చుట్టి బియ్యం డబ్బాలో దాస్తుంది. నాకు అక్టోబరు దొరకడం అదృష్టం. మూడో రోజు గింజల చుట్టూ తెల్లటి నక్షత్రాలు మొలిచాయి. ఆరో రోజుకి నక్షత్రాలు ఒకదాన్నొకటి అందుకున్నాయి. తొమ్మిదో రోజుకి గడ్డి కనిపించలేదు. డబ్బా అడుగు నుంచి చూస్తే మంచు పట్టిన పొలంలా ఉంది. బోర్లించి తడితే ఒక్క ముక్కగా ఊడివచ్చింది. అంచులు డబ్బా అంచుల్లాగే వచ్చాయి, డబ్బా అడుగున అచ్చువేసిన అక్షరాల నీడతో సహా.

అచ్చులోంచి తీశాక దాన్ని ఇంకో ఒకటి రెండు రోజులు ఊరికే ఉంచాలట. అప్పుడు గాలి తగిలిన బయటి ముఖం మీద దారాలు దట్టంగా అల్లుకుని ఆ నున్నటి పొర వస్తుంది. అప్పుడు నా బల్ల మీది ఫరీదాబాద్ ముక్కని తీసి మళ్లీ చూశాను. అంతవరకూ కనపడనివి కనిపించాయి. ఒక వైపు అచ్చుకి ఆనుకుని పెరిగిన నునుపు. ఇంకో వైపు స్వేచ్ఛగా పెరిగిన కొద్దిపాటి నూగు. మూలల్లో ఒక్కటీ సూదిగా లేదు, అన్నీ వేలి చివరలా గుండ్రం. సూది మూలలో గడ్డి సరిగా నిండదు, దారం అందదు, అచ్చు నుంచి లాగేటప్పుడు విరుగుతుందని నా డబ్బా అప్పటికే నేర్పింది. దిమ్మె ఎక్కడా మరీ మందంగా లేదు. మందమైతే మధ్యలో గాలి ఆడదు. పైగా పెరిగే బూజు మనలాగే ఊపిరి పీల్చి వేడి పుట్టిస్తుంది, ఆ వేడి నడుమలో చిక్కుకుంటే తనని తానే చంపుకుంటుంది. అందుకే నడుమ బోలుగా ఉంచి, గోడలు పలచగా తీసి, బరువు మోసే చోట మాత్రం పక్కటెముకల్లా గట్టులు పెట్టారు. చూడ్డానికి అది అందం కోసం చేసిన వంపులా ఉంటుంది. బూజు ఊపిరి కోసం ఇచ్చిన సందు అది. జీవి పెట్టిన షరతుకి తలొగ్గి గీసిన బొమ్మ. పనివాడితనం అంటే నాకు ఇదే.

నేను చేసిన రెండు దిమ్మెల్లో ఒకదాన్ని ఆ రోజే పొయ్యిలో పెట్టి, తక్కువ వేడి మీద సాయంత్రం దాకా ఎండబెట్టాను. తడి పోయేసరికి బరువు మూడో వంతుకి దిగింది. కొడితే డొల్లగా, అట్టపెట్టెని కొట్టినట్టు మోగింది. రెండోదాన్ని ఏమవుతుందో చూద్దామని కిటికీ పక్కన వదిలేశాను. నాలుగు రోజులకి ఒంటి మీద తేనెరంగు చెమట చుక్కలు వచ్చాయి. తర్వాత గుండుసూది తలల్లాంటి మొగ్గలు. వారంలో ముత్యపుచిప్ప పుట్టగొడుగులు రెండు గుత్తులు. అమ్మ మిరియాలు వేసి వేపుడు చేసింది. రుచిగానే ఉంది. కానీ గొడుగులు కోశాక మిగిలిన దిమ్మె చేతిలో పిండిలా నలిగిపోయింది. గడ్డిలో ఉన్న బలాన్నంతా బూజు పైకి పంపేసింది.

ఆ సాయంత్రం నాకు ఈ విద్య సంగతి తెలిసింది. బూజుకి వరిగడ్డి ఆహారం. పరకలో ఉన్న సెల్యులోజుని, లిగ్నిన్‌ని కరిగించి తినడానికే అది పరక లోపలికి దూరుతోంది. మనం దాన్ని నేత అంటున్నాం గానీ దానికి అది భోజనం. భోజనం మొదట్లో ఆపితే పట్టు ఉండదు, చివరిదాకా కానిస్తే గడ్డి ఉండదు. దారం పరకని గట్టిగా పట్టుకుని, ఇంకా నమిలెయ్యని ఆ మధ్య రోజుల్లోనే వేడి తగలాలి. వేడి తగలగానే బూజు చస్తుంది, దాని దారాల్లోని కైటిన్ అలాగే బిగుసుకుంటుంది. రొయ్య పెంకులో, మిడత ఒంటి మీద ఉండే పదార్థమే ఈ కైటిన్. పెంచడం ప్రకృతికి వచ్చు. ఎక్కడ ఆపాలో తెలియడమే మనిషి నేర్చింది. పెరుగు తోడుకున్నాక పులవకముందు గిన్నెని చల్లటి చోటికి జరిపే చెయ్యి, ఇడ్లీ పిండి పొంగి జారకముందు పొయ్యి వెలిగించే చెయ్యి ఈ విద్యని ఎన్నో తరాలుగా చేస్తోంది.

ఢిల్లీలోనే ఇదే గడ్డి మీద ఇదే రకం జీవులతో నేరుగా ఎదురు దారిలో నడిచిన పని ఒకటుంది. పూసాలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ. పూసా అసలు బీహార్‌లోని ఊరు. 1934 భూకంపంలో అక్కడి భవనం కూలాక సంస్థ 1936లో ఢిల్లీకి తరలివచ్చింది, ఊరి పేరూ వెంట వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు గడ్డిని వేగంగా కుళ్లబెట్టే బూజుల్ని ఏరి గుళికల్లో నింపారు. బెల్లం నీళ్లలో సెనగపిండి కలిపి అందులో ఆ గుళికలు వేసి పెంచి, మోడు మీద పిచికారీ చేస్తారు. మూడు వారాలు పైబడేసరికి మోడు మెత్తబడి నేలలో కలుస్తుంది. 2020లో ఢిల్లీ ప్రభుత్వం తన పరిధిలోని పొలాల్లో వాడించింది. గోధుమ విత్తడానికి తొందరపడే రైతుకి ఆ మూడు వారాలే పెద్ద గండం. పూసా బూజుని తుదిదాకా తిననిస్తారు. ఫరీదాబాద్ బూజుని సగంలో లేపేస్తారు. రెండూ కావాలి. కానీ చేతిపనిగా నాకు ఎక్కువ మెప్పు కలిగేది రెండోదాని మీద.

ఇక కట్టడం మాట. ఇటుకలన్నిటికీ బదులు ఇదే వచ్చేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. కాల్చిన మట్టి ఇటుక చదరపు మిల్లీమీటరుకి కనీసం 3.5 న్యూటన్ల బరువు ఆనాలని మన ప్రమాణాలు అడుగుతాయి. ఈ బూజు దిమ్మెలు సాధారణంగా ఒక న్యూటన్ కూడా దాటవు. దాని మీద స్లాబు వెయ్యలేం. ఎడతెగని తడి దానికి పడదు. అయినా న్యూయార్క్‌లో 2014లో మోమా పీఎస్1 కళా ప్రదర్శనశాల ప్రాంగణంలో వాస్తుశిల్పి డేవిడ్ బెంజమిన్ బృందం మొక్కజొన్న చొప్ప మీద బూజుతో పెంచిన 10,000 ఇటుకలతో నాలుగంతస్తుల ఎత్తు గోపురాలు కట్టింది. ఆ ఇటుకల్ని పెంచింది 2007లో మొదలైన ఎకోవేటివ్ సంస్థ. వేసవి అయిపోగానే దాన్ని విప్పి ఎరువు చేశారు. విప్పేస్తామని చెప్పి కట్టిన కట్టడం కాబట్టి అది నిజాయితీగల కట్టడం.

కానీ ఇంట్లో బరువు మొయ్యని పనులు ఎన్ని లేవు? మే నెలలో ఢిల్లీ 45 డిగ్రీలు దాటినప్పుడు పైకప్పు నుంచి దిగే వేడిని ఆపేది కావాలి. పక్క ఫ్లాటు టీవీ చప్పుడుని మింగే పలక కావాలి. ఇవాళ ఆ చోటుల్లో థర్మోకోల్, గాజు ఉన్ని, ఫోము ఉన్నాయి. వేడిని అడ్డుకోవడంలో బూజు దిమ్మె థర్మోకోల్‌కి మరీ దూరంలో లేదు. నిప్పు దగ్గర మాత్రం దానికంటే ఎంతో మర్యాదైంది. థర్మోకోల్ కరిగి మండుతూ చుక్కలుగా కారుతుంది. ఇది పైన బొగ్గు కట్టి, ఆ బొగ్గు వెనక తను దాక్కుంటుంది. వరి ఊక కలిపి పెంచిన పలకలు ఇంకా బాగా నిలుస్తాయని ఆస్ట్రేలియాలోని ఆర్‌ఎమ్‌ఐటీ పరిశోధకులు చూపించారు. కారణం సిలికా. పంజాబ్ పశువులు మొహం తిప్పుకునే ఆ కరుకుతనమే మంటకి అడ్డం నిలుస్తుంది. ఫరీదాబాద్ వాళ్లు ముందు ప్యాకింగుతో మొదలుపెట్టడంలో నాకు తెలివి కనిపిస్తుంది. పెట్టె మూలలో దిమ్మె చేసే పని కొన్ని వారాలదే. వాళ్ల ముక్క మట్టిలో 60 రోజుల్లో కలిసిపోతుందని సంస్థ చెబుతుంది. గోడలో పలకకి ఆ గుణమే గుదిబండ, దానికి పూతలు, కొలతలు, పరీక్షలు ఇంకా కావాలి. అదే ఫరీదాబాద్ పక్కన బల్లభ్‌గఢ్‌లో సిమెంటుకీ, కట్టడ సామగ్రికీ జాతీయ పరిశోధన మండలి ఉంది. ప్రపంచం వదిలే బొగ్గుపులుసు వాయువులో సుమారు 8 శాతం సిమెంటుదే. సున్నపురాయిని 1,450 డిగ్రీల దాకా కాల్చే బట్టీల మీద పరిశోధన ఒక వైపు, బట్టల బీరువా వెచ్చదనం చాలే బూజు ఒక వైపు, ఒకే జిల్లాలో.

రాయినే పెంచే జీవులూ ఉన్నాయి. వాటి పనితనం ఇంకో రకం. ఐఐఎస్సీలో అలోక్ కుమార్ బృందం ఇస్రో వాళ్లతో కలిసి చంద్రుడి మట్టిని పోలిన మట్టితో ఇటుక చెయ్యడానికి స్పోరోసార్సినా పాశ్చురై అనే బ్యాక్టీరియాని తీసుకుంది. దానికి యూరియా పెడతారు, కాల్షియం అందిస్తారు. యూరియాని అది విరిచినప్పుడు కార్బనేటు పుడుతుంది, చుట్టూ ఉన్న నీరు క్షారంగా మారుతుంది. బ్యాక్టీరియా ఒంటి మీది రుణావేశం కాల్షియాన్ని పిలుచుకుంటుంది. రెండూ కలిసిన చోట సున్నపురాయి రేణువు కడుతుంది, ఆ బ్యాక్టీరియా చుట్టూనే. ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అతికించినవాడు లోపలే సమాధి అవుతాడు. దానికి తోడు వాళ్లు వేసిన జిగురు గోరుచిక్కుడు గింజలది. హర్యానా, రాజస్థాన్ ఎడారి మళ్లలో పండే గోరుచిక్కుడే. 2020లో వచ్చిన ఆ పనిలో ఆ జిగురు కలిపాక ఇటుక బలం ఎన్నో రెట్లు పెరిగింది. చంద్రుడి మీద ఇల్లు కట్టడానికి మన కూరగాయ గింజ పనికొచ్చిందని చదివినప్పుడు ఆ పూట నాకు భోజనం ఇంకొంచెం రుచించింది.

మన హైదరాబాద్ జేఎన్‌టీయూలో ఇంకా నిశితమైన లెక్క తేలింది. కాంక్రీటు మనుషులు ఎం.వి. శేషగిరిరావు, వి. శ్రీనివాసరెడ్డి, సూక్ష్మజీవుల మనిషి సీహెచ్. శశికళ కలిసి బాసిల్లస్ సబ్టిలిస్ జేసీ3 అనే బ్యాక్టీరియాతో కాంక్రీటు చేశారు. కలిపే నీళ్లలో మిల్లీలీటరుకి లక్ష కణాలున్నప్పుడు బలం అన్నిటికంటే ఎక్కువ వచ్చింది. పది రెట్లు వేస్తే పదింతల బలం రాలేదు. తోడు ఎక్కువైతే పెరుగు గట్టిపడదు, పులుస్తుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్‌ట్‌లో హెంక్ యోంకర్స్ చేసింది ఇంకో ఆపడం. బ్యాక్టీరియాని బీజాలుగా నిద్రపుచ్చి, దాని తిండితో సహా మట్టి గుళికల్లో దాచి కాంక్రీటులో కలిపాడు. గోడ పగిలి నీరు దిగేదాకా అవి లేవవు. లేచాక పగులుని సున్నపురాయితో పూడుస్తాయి. ఫరీదాబాద్‌లో పనివాడు బూజుని ఆపుతాడు. ఇక్కడ పనివాడు ఆపి వెళ్లిపోతాడు, మళ్లీ లేపే పని పగులుది.

ఇదంతా ఇప్పటి విద్య అనుకుంటే వేంపల్లెకి వెళ్లాలి. కడప జిల్లా. అక్కడి రాతిపొరల్లో ఉల్లిపాయ కోసినట్టు వలయాలు కనిపిస్తాయి. స్ట్రోమటోలైట్లు. 190 కోట్ల ఏళ్లకి అటూఇటూగా, లోతులేని సముద్రంలో నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవుల చాపలు పొర మీద పొరగా కట్టిన రాయి. మనుషుల్లోనూ ఈ విద్య పాతదే. డంగుసున్నం చేసిన మన మేస్త్రులకి ఏ జీవి పేరూ తెలియదు. కరక్కాయ దంచి, బెల్లం కలిపిన నీళ్లని కుండలో రోజుల తరబడి పులియబెట్టి, నురగ వచ్చాక ఆ నీళ్లతో సున్నాన్ని గానుగలో నలిపేవారు. ఢిల్లీలో హుమాయూన్ సమాధికి 2013 నాటికి పూర్తయిన మరమ్మతులో కప్పు మీద పేరుకున్న సిమెంటు కాంక్రీటుని పది లక్షల కిలోల దాకా తవ్వి పారేసి, పాత పద్ధతి సున్నాన్ని మళ్లీ వేశారు. ఆ నురగని చూసి 'ఇక చాలు' అన్న మేస్త్రి, సరైన రోజున అచ్చు విప్పమన్న ఫరీదాబాద్ పనివాడు ఒకే బడిలో చదివారనిపిస్తుంది నాకు.

జులైలో మొదటి గట్టి వాన పడ్డ రోజు నా బల్ల మీది ముక్కని రంపంతో రెండుగా కోశాను. కోత మీద గడ్డీ దారాలూ ఒకే ముద్దగా ఉన్నాయి, పొడి రాలలేదు. సగాన్ని బాల్కనీలో బంతిమొక్క కుండీలో నాలుగు వేళ్ల లోతున పాతిపెట్టాను. నెల తర్వాత తవ్వితే తెల్లటి పొర గోధుమరంగుకి తిరిగి, వేలితో నొక్కితే దిగిపోయింది. సెప్టెంబరులో మళ్లీ తవ్వాను. ముక్క ఆకారం లేదు. కణుపులు నాలుగైదు మిగిలాయి. వాటి మీద ఇంకేదో బూజు, ఇది బూడిదరంగుది, పరక లోపలికి దూరి ఉంది. ఫరీదాబాద్‌లో పొయ్యి దగ్గర ఆగిన భోజనాన్ని ఆ కొత్తది అక్కడి నుంచే అందుకుంది. బంతి వేళ్లు రెండు ఆ కణుపుల్ని చుట్టుకున్నాయి. మట్టి కప్పేసి లోపలికి వచ్చాను. మిగతా సగం బల్ల మీద ఉంది, కోసిన రోజు ఎంత బరువుందో ఇప్పుడూ అంతే.